రికార్డు బుక్కులో గీసిన బర్నర్
(రాబర్ట్ బున్సెన్ జీవితం – ఒక పూర్వ విద్యార్థి పరిచయం)

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, నేను బడి జ్ఞాపకాలు పంపుతాననే అనుకుని ఉంటారు. అవి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా రాస్తారు. నేను 1899లో చనిపోయిన ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఆయన మన వనపర్తి రాలేదు, అసలు మన దేశమే రాలేదు. అయినా మన బడిలో సైన్సు రికార్డు రాసిన ప్రతి ఒక్కరం ఆయన పేరు ఒక్కసారైనా రాశాం. ఎడమ పేజీలో బొమ్మ గీసి, పీఠం, జెట్, గాలి రంధ్రం, నిలువు గొట్టం అని భాగాలు గుర్తించి, కింద బున్సెన్ బర్నర్ అని రాసి స్కేలుతో రెండు గీతలు కొట్టాం. సారు ఎర్ర ఇంకుతో సంతకం పెట్టారు.

ఆ బర్నర్‌ను మనలో ఎవరమూ బడిలో చూడలేదు. గద్వాల వైపు నుంచి, నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివినవాళ్లూ చూడలేదు, వనపర్తి పిల్లలమూ చూడలేదు. మన ల్యాబులో గ్యాసు ఎక్కడిది? ఒక స్పిరిట్ దీపం, ఒక ముక్కాలి పీట, ఒక వైరు జాలీ, మూడు నాలుగు పరీక్ష నాళికలు – ఇంతే మన ఆస్తి. మా సైన్సు సారు ఆ స్పిరిట్ దీపం వత్తి మీద చిటికెడు ఉప్పు వేస్తే మంట పసుపుపచ్చగా మారేది. పొలానికి వాడే మైలుతుత్తం పొడి వేస్తే ఆకుపచ్చగా లేచేది. కిటికీలు మూసి, మమ్మల్ని వరసగా నిలబెట్టి చూపించేవారు. ఇదే పని బున్సెన్ బర్నర్ మీద చేస్తే రంగులు ఇంకా శుభ్రంగా కనపడతాయని, తాను కూడా దాన్ని ఒకటి రెండు సార్లే చూశానని, మీలో ఎవరు ముందు చూస్తే వాళ్లు వచ్చి నాకు చెప్పాలని అనేవారు.

డిప్లొమా మొదటి సంవత్సరంలో నేను చూశాను. దసరా సెలవులకు వచ్చినప్పుడు చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. తర్వాత ఉద్యోగం, హైదరాబాదు, పెళ్లి, పిల్లలు. నేను ఎంచుకున్న పని కూడా గ్యాస్ బర్నర్ల డిజైనే. ఇంటి పొయ్యిల నుంచి బేకరీ ఓవెన్ల దాకా ఎన్నో బర్నర్లు గీశాను. సారు దగ్గరికి వెళ్లి చెప్పడం మాత్రం వాయిదా పడుతూనే ఉంది. ఒకసారి ఊరికి వచ్చినప్పుడు ఆయన పోయి రెండేళ్లయిందని తెలిసింది. ఆయనకు చెప్పాల్సింది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రాబర్ట్ విల్‌హెల్మ్ బున్సెన్ 1811 మార్చిలో జర్మనీలోని గోటింగెన్‌లో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో చివరివాడు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో భాషల ప్రొఫెసరు, గ్రంథాలయ బాధ్యతలు కూడా చూసేవాడు. కొడుకు అదే విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివి 1831లో, ఇరవై ఏళ్ల వయసులో డాక్టరేటు పొందాడు. తర్వాత ప్రభుత్వం ఇచ్చిన సాయంతో యూరప్ అంతా తిరిగాడు. ప్రయోగశాలలు చూసినంత శ్రద్ధగా ఫ్యాక్టరీలూ గనులూ చూశాడు. ఆయన జీవితమంతా ఈ రెండు కాళ్ల మీదే నడిచింది. ఒకటి ల్యాబు, రెండోది కార్ఖానా.

మొదట పేరు తెచ్చింది విషానికి విరుగుడు. సంఖపాషాణం, అంటే ఆర్సెనిక్, ఆ రోజుల్లో చాలామంది ప్రాణాలు తీసేది. అప్పుడే తయారుచేసిన తడి ఇనుప హైడ్రాక్సైడు ఆర్సెనిక్‌ను పట్టి ఉంచి, కడుపులో కరగకుండా చేస్తుందని 1834లో బెర్తోల్డ్ అనే వైద్యుడితో కలిసి చూపించాడు. ఆ తర్వాత కాసెల్‌లోనూ మార్బర్గ్‌లోనూ పాఠాలు చెబుతూ, కాకోడిల్ అనే ఆర్సెనిక్ సమ్మేళనాల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. అవి భరించలేని కంపు కొడతాయి, గాలి తగిలితే అంటుకుంటాయి, ఒంటికి విషం. ఒకరోజు గాజు పాత్ర పేలి ముక్క కంట్లో దిగింది. కుడికన్ను చూపు పోయింది. విషం ఎక్కి కొన్నాళ్లు చావుబతుకుల మధ్య ఉన్నాడు. తర్వాత కాంతి మీద అంత పని చేసిన మనిషి ఒంటికన్నుతోనే చేశాడన్న సంగతి మన పాఠ్యపుస్తకంలో లేదు. ఉంటే బొమ్మ గీసేటప్పుడు మనం ఇంకొంచెం శ్రద్ధగా గీసేవాళ్లమేమో.

ఆయన పనుల్లో ఇంజనీరుగా నాకు ఎక్కువ ఇష్టమైనది ఇంకొకటి ఉంది. 1838 తర్వాత కొన్నేళ్లు ఇనుము కరిగించే కొలుముల మీద పరిశోధించాడు. కొలిమి పైనుంచి పోయే వాయువులను పట్టి, వాటిలో ఏముందో కొలిచాడు. జర్మనీలో బొగ్గుపులుసు వాయువుతో పాటు ఇంకా మండగల కార్బన్ మోనాక్సైడు బోలెడు ఉందని, వేసిన కట్టెబొగ్గు వేడిలో సగానికి పైగా గాలిలో కలిసిపోతోందని తేల్చాడు. 1845లో ఇంగ్లండులో ప్లేఫేర్ అనే మిత్రుడితో కలిసి కోక్ వాడే కొలుములు చూస్తే, అక్కడ నష్టం 80 శాతానికి పైనే. ఆ వాయువును వెనక్కి తెచ్చి మళ్లీ మండించుకోమని లెక్కలతో చెప్పాడు. ఈనాటికీ ఉక్కు ఫ్యాక్టరీల్లో కొలిమి వాయువును వదిలేయరు, దానితోనే లోపలికి పోయే గాలిని వేడిచేస్తారు. వాయువులను కొలిచే పద్ధతుల మీదే 1857లో ఒక పుస్తకం రాశాడు. ఆయన రాసిన పుస్తకం అదొక్కటే.

1841లో ఖరీదైన ప్లాటినం బదులు బొగ్గు కడ్డీ వాడి చవకైన బ్యాటరీ చేశాడు. 1846లో ఐస్‌లాండ్ వెళ్లి, వేడినీటి బుగ్గలు ఉన్నట్టుండి ఎందుకు ఎగజిమ్ముతాయో చూశాడు. ఎగజిమ్మడానికి కాస్త ముందు బుగ్గ గొంతులోకి థర్మామీటర్లు దించి కొలిస్తే, లోతుకు పోయినకొద్దీ నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కి ఉంది. పైనున్న నీటి బరువు వల్ల అది మరగలేకపోతోంది. ఆ నీరు కొంచెం పైకి జరిగితే బరువు తగ్గి ఒక్కసారిగా ఆవిరవుతుంది. మూతపెట్టిన ప్రెషర్ కుక్కర్ సంగతి తెలిసిన ఏ ఇల్లాలికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. ఆయన వెనక్కి వచ్చి ఒక గొట్టంలో నీళ్లు పోసి, కింద వేడిచేసి, క్లాసులోనే బుగ్గను ఎగజిమ్మించి చూపించాడు.

1852లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనను పిలిచింది. కొత్త ప్రయోగశాల కట్టించి ఇస్తేనే వస్తానన్నాడు. కట్టడం 1855కు పూర్తయింది. ఆ ఊరి వీధుల్లో అప్పుడే గ్యాసు దీపాలు వచ్చాయి. నేలబొగ్గును మూసి కాల్చి తీసిన గ్యాసు అది, దానిలో సుమారు సగం హైడ్రోజన్. కొత్త ల్యాబులో ప్రతి బల్లకూ ఆ గ్యాసు గొట్టం వేయించాలని బున్సెన్ అనుకున్నాడు. గ్యాసు దొరికింది, దాన్ని తాను కోరినట్టు మండించే బర్నరే దొరకలేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే బున్సెన్ చేసినదేమిటో సరిగా చెప్పలేను. కొన్నేళ్ల క్రితం కొండ ప్రాంతంలోని ఒక రిసార్టు కోసం ఒక పని వచ్చింది. హాల్లో చలిమంట కావాలి, కానీ కట్టెలు వద్దు, పొగ వద్దు. మట్టితో అచ్చు పోసి కాల్చిన దుంగలు పెడతారు, చూస్తే నిజమైన తుమ్మ మొద్దుల్లాగే ఉంటాయి. వాటి కింద గ్యాస్ బర్నర్ అమర్చాలి. మంట మాత్రం మన పల్లెల్లో సంక్రాంతి ముందు రోజుల్లో ఇంటి ముందు వేసుకునే నెగడులా, పచ్చగా, ఊగుతూ ఉండాలి.

నేను అలవాటు ప్రకారం చక్కని నీలిమంట బర్నర్ చేశాను. వేడి బాగానే ఉంది, కానీ చూస్తే దుంగల కింద వంటపొయ్యి పెట్టినట్టు ఉంది. గాలి రంధ్రాలు మూసేశాను. మంట అద్భుతంగా పసుపుపచ్చగా లేచింది. రెండు రోజులకు దుంగలన్నీ మసి, వెనక గోడ మసి, మసి రేకులు సోఫాల మీద. తప్పు నాదే. మంట దుంగకు తగిలి చల్లబడితే మండకుండా మిగిలిన కార్బన్ అక్కడే పేరుకుంటుందని, ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడు కూడా పుడుతుందని తెలిసీ, తొందరలో వదిలేశాను. చివరికి మూడో ప్రయత్నంలో రెండు బర్నర్లు పెట్టాను. వెనక ఉన్నది గాలి బాగా కలిసిన నీలిమంటతో దుంగలను ఎర్రగా కాలుస్తుంది. ముందున్నది కొద్దిగా గాలి కలిసి, పెద్ద రంధ్రాల నుంచి మెల్లగా వచ్చే పచ్చని మంట, దుంగలకు తగలకుండా సందుల్లోంచి లేస్తుంది. ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేలబారుగా నిలుస్తుంది, అందుకని మంట ఆరితే గ్యాసు తానే ఆగిపోయే వాల్వు, పైన పనిచేసే చిమ్నీ తప్పనిసరి చేశాను. ఇన్ని తిప్పలు పడి నేను చేసింది ఏమిటంటే, బున్సెన్ వద్దని తీసేసిన పసుపురంగును వెనక్కి తేవడం.

1850లలో గ్యాసు అంటే వెలుగు. వీధి దీపం ఎంత పచ్చగా, ఎంత కాంతిగా మండితే అంత మంచి బర్నర్. ఆ పసుపు వెలుగు వచ్చేది మంటలో పూర్తిగా కాలని కార్బన్ రేణువులు ఎర్రగా కాగి మెరవడం వల్ల. కట్టెల మంటలోనూ, నూనె దీపంలోనూ అదే. బున్సెన్‌కు ఆ వెలుగు అక్కర్లేదు. వేడి కావాలి, మసి ఉండకూడదు, మంట నిలకడగా ఉండాలి, దానికి సొంత రంగు దాదాపు ఉండకూడదు. లండను నుంచి వచ్చిన శిష్యుడు రాస్కో అక్కడ వాడే బర్నర్ ఒకటి తెచ్చి చూపించాడు. గ్యాసూ గాలీ కలిశాక పైన ఒక లోహపు జాలీ మీద మండే రకం అది. మంట పెద్దది, కానీ వణుకుతుంది, వేడి చాలదు. బున్సెన్‌కు నచ్చలేదు.

1854లో ఆయన విశ్వవిద్యాలయ మెకానిక్ పీటర్ దెసాగాను పిలిచి తన ఆలోచన చెప్పాడు. మంట దగ్గరకు చేరకముందే గ్యాసూ గాలీ తగిన పాళ్లలో కలవాలి, జాలీ అడ్డం లేకుండా మండాలి. దెసాగా దాన్ని లోహంలోకి తెచ్చాడు. సన్నని జెట్ నుంచి గ్యాసు వేగంగా చిమ్ముతుంది. ఆ వేగమే పక్కనున్న రంధ్రాల నుంచి గాలిని లోపలికి లాక్కుంటుంది, ఫ్యాను అక్కర్లేదు. నిలువు గొట్టంలో రెండూ కలిసి పైకి పోతాయి. గొట్టంలో మిశ్రమం పైకి పోయే వేగం, మంట కిందికి పాకే వేగం కంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే మంట గొట్టంలోకి దిగి జెట్ దగ్గర మండుతుంది. మరీ ఎక్కువైతే మంట గొట్టం మూతిని వదిలి పైకి లేచి ఆరిపోతుంది. హైడ్రోజన్ ఎక్కువున్న ఆ గ్యాసులో మంట చాలా వేగంగా పాకుతుంది, కాబట్టి ఈ కొలతలు కుదర్చడం చిన్న పని కాదు. కొలతలు కుదిరాక మంట రెండు పొరలుగా నిలిచింది. లోపల నీలి శంకువు, దాని చుట్టూ కనపడీ కనపడని పలుచని పొర. లోపలి శంకువు కొనకు కాస్త పైన వేడి అన్నిటికంటే ఎక్కువ. కొత్త ల్యాబు తెరిచే నాటికి దెసాగా 50 బర్నర్లు చేసి ఇచ్చాడు.

ఇంగ్లండులో ఫారడే అంతకు చాలా ముందే ఇలాంటి ఒక బర్నర్‌ను వర్ణించాడు. కాబట్టి అంతా బున్సెన్ ఒక్కడి తలలోంచి పుట్టిందని చెప్పడం సరికాదు, గొట్టం చేసిన చేయి దెసాగాది. 1857లో బున్సెన్, రాస్కో కలిసి ఈ బర్నర్ వివరాలన్నీ బొమ్మతో సహా పత్రికలో అచ్చు వేయించారు. బున్సెన్ పేటెంటు తీసుకోలేదు. తన ఏ కనిపెట్టుడుకూ తీసుకోలేదు. దెసాగా చేసి అమ్ముకున్నాడు. ఇంకెవరో వచ్చి ఇది మాదని హక్కు కోరినప్పుడు మాత్రం బున్సెన్ ఊరుకోలేదు, నిజం ఏమిటో రాసి పెట్టాడు. డబ్బు ఎవరు చేసుకున్నా ఆయనకు పట్టింపు లేదు, అబద్ధం నిలవకూడదు.

మీ ఇంట్లో గ్యాస్ పొయ్యి నాబ్ కింద ఉన్నది ఇదే ఏర్పాటు. జెట్, పక్కన గాలి సందు, కలిసే గొట్టం, పైన చిల్లుల మూత. మంట పచ్చగా మారి గిన్నె అడుగు మసి పడుతోందంటే గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు తుడవాల్సింది గిన్నెను కాదు, బర్నర్‌ను. గోబర్ గ్యాస్ పొయ్యి కూడా ఇదే సూత్రం, జెట్ రంధ్రం పెద్దదిగా ఉంటుంది, అంతే.

రంగులేని మంట ఎందుకంత అవసరమో 1859లో తేలింది. బున్సెన్ రకరకాల లవణాలను ప్లాటినం తీగ మీద మంటలో పెట్టి, వచ్చే రంగును బట్టి పదార్థాన్ని గుర్తించాలని చూస్తున్నాడు. చిక్కు ఏమిటంటే ఉప్పులోని సోడియం రవ్వంత ఉన్నా దాని పసుపు మిగతా రంగులను మింగేస్తుంది. రంగు అద్దాల్లోంచి చూడటం మొదలుపెట్టాడు. మన ఇంటర్ కరెంటు పాఠాల్లో వచ్చే కిర్కాఫ్ ఆయనే, అప్పుడు హైడెల్‌బర్గ్‌లో భౌతికశాస్త్ర ప్రొఫెసరు, బున్సెనే పట్టుబట్టి రప్పించిన మిత్రుడు. అద్దాలెందుకు, పట్టకంలోంచి చూద్దామన్నాడు. ఒక చుట్టల పెట్టె, రెండు పాత దుర్భిణుల ముక్కలు, ఒక పట్టకం – వీటితో మొదటి స్పెక్ట్రోస్కోప్ తయారైంది. లోపల చూస్తే ప్రతి మూలకానికీ దానిదే అయిన గీతల వరస. ఏ రెండు మూలకాలవీ ఒకటి కావు. మంటకే సొంత వెలుగు ఉంటే ఆ గీతలు దానిలో మునిగిపోయేవి. బర్నర్ తన వెలుగును తగ్గించుకోబట్టే ఉప్పు వెలుగు కనిపించింది.

1860లో డర్క్‌హైమ్ ఊటనీటిలో ఎవరూ చూడని రెండు నీలి గీతలు కనిపించాయి. 40 టన్నులకు పైగా ఆ నీటిని ఇగిరించి, పది గ్రాములకన్నా తక్కువ కొత్త లవణం తీశాడు. ఆకాశనీలం అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి సీసియం అని పేరు పెట్టారు. మరుసటి ఏడు లెపిడోలైట్ అనే ఖనిజంలో ముదురు ఎరుపు గీతలతో రుబిడియం దొరికింది. ఈరోజు సెకను అంటే ఎంతో ప్రపంచమంతా సీసియం పరమాణువునే అడిగి తెలుసుకుంటుంది.

ఒక రాత్రి దూరాన మన్‌హైమ్‌లో మంటలు లేస్తుంటే, ల్యాబు కిటికీలోంచి స్పెక్ట్రోస్కోప్‌తో చూసి ఆ మంటలో బేరియం, స్ట్రాన్షియం ఉన్నాయని ఇద్దరూ గుర్తుపట్టారని చెబుతారు. పదిహేను కిలోమీటర్ల అవతలి మంటలో ఏముందో చెప్పగలిగితే సూర్యుడిలో ఏముందో ఎందుకు చెప్పలేం అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చిందట. సూర్యకాంతిలోని నల్ల గీతలు సోడియం, ఇనుము వంటి మూలకాల గీతల చోటనే ఉన్నాయని కిర్కాఫ్ తేల్చాడు. అందుకోలేని చుక్కల్లో ఏ పదార్థం ఉందో కూర్చున్న చోటి నుంచే తెలుసుకునే దారి అలా దొరికింది.

ఆ దారి మన నేల మీదుగా కూడా పోయింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. స్పెక్ట్రోస్కోప్‌తో గ్రహణాన్ని చూడాలని యూరప్ నుంచి శాస్త్రవేత్తలు మన దేశానికి వచ్చారు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరులో మకాం పెట్టాడు. హెర్షెల్ వంశపు ఇంజనీరు అధికారి ఒకరు ఇప్పటి కర్ణాటకలోని జామ్‌ఖండిలో ఉన్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. పటం తీసి జామ్‌ఖండికీ గుంటూరుకూ మధ్య గీత గీయండి. అది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగానే పోతుంది. ఆ రోజు పట్టపగలు చంద్రుడి నీడ మన తాతముత్తాతల పొలాల మీద నుంచి జరిగి గుంటూరు చేరింది. అక్కడ జాన్సెన్ సూర్యుడి అంచున లేచే జ్వాలల్లో ప్రకాశవంతమైన గీతలు చూశాడు. అవి ఎంత వెలుగుగా ఉన్నాయంటే గ్రహణం లేకుండానే చూడొచ్చని అనుకుని, మర్నాడు చూశాడు కూడా. ఆ జ్వాలల్లోని పసుపు గీత సోడియంది కాదని, భూమి మీద తెలియని మూలకానిదని ఇంగ్లండులో లాకియర్ తర్వాత తేల్చి హీలియం అన్నాడు. భూమి మీద అది దొరికింది 1895లో.

హైడెల్‌బర్గ్‌లో బున్సెన్ 37 ఏళ్లు పాఠాలు చెప్పాడు. సిద్ధాంతాల తగాదాల్లోకి దిగేవాడు కాదు. పొద్దంతా విద్యార్థుల బల్లల మధ్య తిరుగుతూ, గాజు గొట్టాలు ఊది ఇస్తూ, వేడి మూసలను చేతివేళ్లతోనే పట్టుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఒకసారి ఏళ్ల శ్రమతో రాసిన వ్యాసం బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్లి వస్తే, నీళ్లున్న గాజు కూజా భూతద్దంలా పనిచేసి, ఎండ పడి కాగితాలన్నీ కాలిపోయాయి. మళ్లీ మొదటి నుంచి చేసి, రాసి, అచ్చు వేయించాడు. 1860లో కోప్లే పతకం, 1877లో కిర్కాఫ్‌తో కలిసి మొట్టమొదటి డేవీ పతకం వచ్చాయి. 1889లో పదవీ విరమణ చేసి, పదేళ్ల తర్వాత 1899 ఆగస్టు 16న హైడెల్‌బర్గ్‌లోనే కన్నుమూశాడు.

శిష్యుల్లో ఒక్కరి పేరు చెబుతాను. ఆస్ట్రియా నుంచి వచ్చిన కార్ల్ ఆవర్. గురువు మంట వెలుగు ఇవ్వదు, వేడి మాత్రం ఇస్తుంది. ఆ వేడిలో థోరియం, సీరియం లవణాల్లో ముంచిన నూలు వలను పెడితే, నూలు కాలిపోయి మిగిలిన బూడిద గూడు తెల్లగా మెరుస్తుందని అతను కనిపెట్టాడు. అదే మనం మాంటిల్ అంటాం. జములమ్మ జాతరలోనూ, పెళ్లి ఊరేగింపుల్లోనూ తల మీద పెట్టుకుని నడిచిన పెట్రోమాక్స్ లైట్లు మనలో యాభై దాటినవాళ్లకు గుర్తుంటాయి. పంపు కొట్టిన కిరోసిన్ ఆవిరై గాలితో కలిసి నీలిగా మండేది, వెలుగు మాంటిల్‌ది. కరెంటు లేని మన ఊళ్లకు ఆ ల్యాబు వెలుగు అలా చేరింది.

ఇప్పుడు సారుకు చెప్పాల్సిన మాట. సార్, మీరు చెప్పింది నిజమే. ఆ మంట దాదాపు కనపడదు. ఉప్పు వేస్తే పసుపు తప్ప ఇంకేమీ ఉండదు. మైలుతుత్తం ఆకుపచ్చ మన స్పిరిట్ దీపంలో కంటే చాలా శుభ్రంగా ఉంటుంది. అయితే ఒక్క విషయం. స్పిరిట్ దీపం మంట మీద మీరు చూపించిన రంగులు నాకు ముందే తెలుసు కాబట్టి నేను ఎక్కడ చూడాలో తెలిసి చూశాను. నా పక్కనున్నవాళ్లలో కొందరు ఆ రోజు రికార్డు నింపుకుని వెళ్లిపోయారు.

చివరగా మిత్రులకు ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర పెద్ద కమాన్ కట్టించాలని ఒక ఆలోచన నడుస్తోంది. దానికి నేను వ్యతిరేకిని కాను. కానీ గత ఏడాది బడికి వెళ్లినప్పుడు పాత ల్యాబు గదికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే బల్లల మీద పాత పరీక్ష పేపర్ల కట్టలు. పిల్లలు జ్వాల రంగులు ఫోన్లో చూస్తున్నారని చెప్పారు. కమాన్‌ను కాస్త చిన్నది చేస్తే ఆ గది తెరవొచ్చు. పన్నెండు బర్నర్లు చాలు. ఎల్పీజీకి వేడి ఎక్కువ, గాలి కూడా ఎక్కువ కావాలి, కాబట్టి దానికి తగ్గ సన్న జెట్‌లు వేయాలి. సిలిండరు గది బయట జాలీ గూట్లో, లోపల ఒక మెయిన్ వాల్వు, ప్రతి బల్లకూ ఒక వాల్వు, నేలకు దగ్గరగా గాలి పోయే సందులు, ఒక ఇసుక బకెట్, ఒక అగ్నిమాపక సిలిండరు. డిజైనూ అమరికా నేను పైసా తీసుకోకుండా చేస్తాను. రెండేళ్లకోసారి రబ్బరు గొట్టాలు మార్చే పూచీ కూడా నాది.

గది తెరిచిన రోజు మొదటి చిటికెడు ఉప్పు ఎవరైనా తొమ్మిదో తరగతి పాపతో వేయించండి. ఎనభైలలో మాతో చదివినవాళ్లం వెనక నిలబడి చూస్తాం.